పాత ఓడ దుర్భిణి చేతికొస్తే: తోమకముందు చదవాల్సినవి

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో పాత ఇత్తడి వస్తువు ఏది బయటపడినా ముందు చేతికొచ్చేది చింతపండు. చెంబులకూ దీపపు సెమ్మెలకూ అది మంచిదే. ఓడ దుర్భిణికి, అంటే ఓడ మీద ఒక కంటితో దూరం చూసే జారుడు గొట్టానికి, మాత్రం పనికిరాదు. దాని మీద బంగారు రంగులో కనిపించేది ఉత్త ఇత్తడి కాదు, తయారుచేసినవాళ్లు వేసిన లక్క పూత. ఒక్క తోముడుకే అది పోతుంది. రెండోసారి తోమితే చెక్కిన పేరు అంచులు అరుగుతాయి. పులుసు మరల్లోకి దిగి లోపల పచ్చని చిలుము పడుతుంది, తర్వాత గొట్టం విప్పడానికి రాదు. దుర్భిణి విలువలో పెద్ద భాగం ఆ పేరుదీ ఆ పూతదే. అందుకే మొదటి పని శుభ్రం చేయడం కాదు. చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవడం.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది

1608లో నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్‌లో కళ్లద్దాలు చేసే హాన్స్ లిపర్‌హే దుర్భిణికి పేటెంటు అడిగాడు. మరుసటి ఏడే గెలీలియో సొంతంగా ఒకటి చేసి ఆకాశం వైపు తిప్పాడు. ఆ తొలి రకంలో బొమ్మ నిటారుగానే ఉంటుంది కానీ కనిపించే మేర చాలా ఇరుకు. 1611లో కెప్లర్ చెప్పిన పద్ధతిలో మేర పెరిగింది, బొమ్మ తలకిందులైంది. చంద్రుడు తలకిందులైతే ఎవరికీ పట్టింపు లేదు. ఎదుటి ఓడ జెండా తలకిందులైతే మాత్రం శత్రువో స్నేహితుడో తెలియదు. 1645లో షిర్లే డి రైటా అనే మతాచార్యుడు బొమ్మను మళ్లీ నిటారుగా చేసే అదనపు లెన్సుల అమరికను ప్రచురించాడు. మీ దుర్భిణి లోపలి గొట్టంలో కనిపించే చిన్న లెన్సులు ఆ అమరిక సంతానమే.

ఇంకో చిక్కు మిగిలింది. ఒకే లెన్స్ పెడితే ప్రతి వస్తువు చుట్టూ ఎరుపు, నీలం అంచులు కడతాయి. సీసం లేని క్రౌన్ గాజునూ, సీసం కలిసిన ఫ్లింట్ గాజునూ జత చేస్తే ఆ రంగులు చాలావరకు తగ్గుతాయని ఇంగ్లండ్ న్యాయవాది చెస్టర్ మూర్ హాల్ ముందే కనిపెట్టాడు. 1758లో పేటెంటు తీసుకుని అంగట్లోకి తెచ్చింది మాత్రం లండన్‌కు చెందిన జాన్ డాలండ్. అక్కడి నుంచి ఓడ అధికారి చేతిలో మంచి దుర్భిణి అంటే డాలండే. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ యుద్ధంలో వెనక్కి రమ్మన్న సంకేతం ఎగిరితే, బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ చూపు లేని తన కుడి కంటికి దుర్భిణి ఆనించి ‘నాకేం కనిపించలేదే’ అన్నాడని లోకం చెప్పుకుంటుంది. కథ ఎంత నిజమైనా, ఆ కాలపు యుద్ధంలో జెండా సంకేతం చదవగలిగే కన్ను ఎంత ముఖ్యమో దాంట్లో తెలుస్తుంది.

మన తీరానికీ ఈ వస్తువు కొత్తది కాదు. మద్రాసుకు పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా సరైన రేవు లేదు. ఓడలు అలల అవతల లంగరు వేసేవి, మనుషులూ సరుకూ మసూలా పడవల్లో ఒడ్డుకు చేరేవి. ఏ ఓడ వచ్చిందో, ఏ జెండా ఎత్తిందో ఒడ్డు నుంచి చూసి చెప్పాలంటే దుర్భిణి లేనిదే కుదరదు. కుంఫిణీ, ఆ తర్వాత దొరల ప్రభుత్వం వెళ్లిపోయాక అవి వేలాల్లో, పాత సామాన్ల అంగళ్లలో, అటకల మీద మిగిలాయి.

అసలుదా, అలంకారానిదా

ముందే చెప్పాలి: ఇప్పుడు మన దేశంలో అమ్మకానికి కనిపించే ‘పాత’ దుర్భిణుల్లో ఎక్కువ భాగం షోకేసు కోసం కొత్తగా చేసినవే. వాటిని పోల్చుకోవడం కష్టమేం కాదు.

పేరు చదవండి. ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని ఉంటే ఇక చూడక్కర్లేదు. ఆ రెండు సంస్థలు కలిసి ఆ పేరుతో కంపెనీ అయింది 1947లో. ముప్పై ఏళ్ల ముందు ఆ పేరు చెక్కడం ఎవరికీ సాధ్యం కాదు. డాలండ్ పేరు ఉన్నా తొందరపడకండి. ఆ పేరుకున్న గిరాకీ చూసి ఆ రోజుల్లోనే నకిలీలు వచ్చాయి, ఇంగ్లిషు అక్షరాల్లో రెండో ‘ఓ’ ఉండాల్సిన చోట ‘ఏ’ చెక్కి అమ్మారు. తమాషా ఏమిటంటే, ఆ నకిలీలకు కూడా ఇప్పుడు రెండు వందల ఏళ్లు నిండి ఉండొచ్చు.

తర్వాత దీపపు పరీక్ష. చీకటి గదిలో ఒకే బల్బు వెలిగించి, ముందు లెన్స్‌లో దాని ప్రతిబింబాలు లెక్కపెట్టండి. రెండే కనిపిస్తే ఒంటి లెన్స్. నాలుగు కనిపిస్తే రెండు లెన్సులు, మధ్యన గాలి. రెండు స్పష్టంగా, మూడోది వెలిసిపోయినట్టు మసగ్గా ఉంటే రెండు లెన్సులు కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకతో అతికినవి. డాలండ్ తర్వాతి మంచి ఓడ దుర్భిణి ఒంటి లెన్స్‌తో ఉండదు.

మూడోది, ముందు లెన్స్ వెనక చూడండి. లెన్స్ 40 మిల్లీమీటర్లు ఉండి, దాని వెనక 15 మిల్లీమీటర్ల రంధ్రంతో వాషర్ అడ్డం పెట్టి ఉంటే అది ఒంటి లెన్స్ రంగులను దాచే ఎత్తు. లెన్స్ పెద్దది, పని చేసేది చిన్న భాగం.

సైనికశాఖ వస్తువుపై మూడు గీతలు ఒక చోట కలిసే బాణపు మొన గుర్తు ఉంటుంది. అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అనడానికి ముద్ర. నావికాదళపు దుర్భిణికి చాలాసార్లు ఒకే జారుడు గొట్టం ఉంటుంది. పదాతిదళం సంచిలో పెట్టుకునేవాటికి మూడు, నాలుగు ఉంటాయి. ఓడ మీద సంచిలో దాచాల్సిన అవసరం తక్కువ, ఒక్క గుంజుతో చూపు కుదరడం ముఖ్యం. గొట్టాలు ఎంత తక్కువైతే ఊగడం అంత తక్కువ. పద్దెనిమిదో శతాబ్దపువాటికి పెద్ద గొట్టం మహాగని చెక్కది, తర్వాతివాటికి ఇత్తడి మీద కుట్టిన తోలు, లేదా పట్టు కోసం అల్లిన తాడు. ఆ తాడు పాడైందని కోసేయకండి.

ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో మీరే కొలవొచ్చు. వెలుతురుగా ఉన్న ఆకాశం వైపు (సూర్యుడి వైపు కాదు) చూపించి, ఐపీస్ (కన్ను ఆనించే కొన) వెనక తెల్లకాగితం పట్టి ముందుకూ వెనక్కూ కదపండి. ఒక చోట అంచు తెగినట్టున్న చిన్న వెలుగు చుక్క నిలుస్తుంది. దాని వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, ముందు లెన్స్ వ్యాసాన్ని దాంతో భాగించండి. లెన్స్ 50, చుక్క 2.5 మిల్లీమీటర్లయితే ఇరవై రెట్లు. ఓడ దుర్భిణులు ఇంతకు మించి పెద్దగా ఎక్కవు. ఊగే డెక్కు మీద చెయ్యి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది మరి. అమ్మేవాడు ‘వంద రెట్లు సార్’ అంటే నవ్వి ఊరుకోండి.

సామాన్లు

సైకిల్ ట్యూబు ముక్కలు రెండు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవు. కెమెరా అంగట్లో దొరికే రబ్బరు ఊదుడు బుడ్డి, మెత్తని కుంచె. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ అర లీటరు. ఆసుపత్రి దూది. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలు పంచె గుడ్డ. కిరోసిన్ రెండు చెంచాలు. పెన్సిలు, కాగితపు టేపు. అన్నిటికంటే ఉపయోగపడేది కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి. ప్రతి గుంతకూ అంకె వేసి, విప్పిన లెన్సులను విప్పిన వరుసలోనే పెట్టడానికి.

విప్పడం

మొదట గొట్టం పూర్తిగా లాగి, ప్రతి అతుకు దగ్గరా టేపు అంటించి దాని మీద అడ్డంగా పెన్సిలు గీత గీయండి. మళ్లీ బిగించేటప్పుడు రెండు గీతలూ కలిస్తే మర సరిగా కూర్చున్నట్టు. ఫోటోలు తీయండి, ఎక్కువే తీయండి.

ముందు లెన్స్ ఉన్న బిళ్లను పెద్ద గొట్టం నుంచి విప్పండి. మరలు మామూలుగా మనం మూత తిప్పే వైపే విడతాయి. తర్వాత జారుడు గొట్టాన్ని పట్టి ఉంచే కాలర్. చివరగా ఐపీస్, దాని లోపల బొమ్మను నిటారుగా చేసే లెన్సులున్న చిన్న గొట్టం. ఆ చిన్న గొట్టంలో గుండుసూది తలకంటే కాస్త పెద్ద రంధ్రమున్న బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దుమ్ము పట్టిన వాషర్ అనుకొని పారేయకండి. దారి తప్పిన వెలుతురును ఆపేది అదే. అది ఎంత లోపల ఉందో కొలిచి రాసుకోండి. రెండు మిల్లీమీటర్లు జరిగినా బొమ్మ అంచులు నల్లబడతాయి.

ప్రతి లెన్స్ తీసేముందు ఏ వైపు ఉబ్బు, ఏ వైపు చదును, ఏది కంటి వైపు ఉందో కాగితం మీద బొమ్మ గీయండి. అనుభవమున్నవాళ్లు కూడా తిరగేసి బిగించి తల పట్టుకునేది ఇక్కడే.

మర రాకపోతే? పట్టకారు పెట్టొద్దు. గొట్టం మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్క నొక్కుకు గుండ్రం కోడిగుడ్డు ఆకారం అవుతుంది, ఇక జారుడు గొట్టం జారదు. అతుకు దగ్గర అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క కిరోసిన్ పెట్టి, గొట్టం నిలువుగా నిలిపి ఒక రోజు వదిలేయండి. మర్నాడు రెండు వైపులా ట్యూబు ముక్కలు చుట్టి, వేళ్లతో కాకుండా అరచేయంతా ఆనించి తిప్పండి. అప్పటికీ రాకపోతే బయటి కాలర్‌ను మాత్రం తల ఆరబెట్టే యంత్రంతో చెయ్యి పట్టగలిగేంత వేడి చేసి ప్రయత్నించండి. దగ్గర్లో అతికించిన లెన్స్ ఉంటే ఈ వేడి వద్దు, బంక మెత్తబడుతుంది. మూడు రోజులు పట్టినా పట్టనివ్వండి.

లెన్సులు

రుద్దడం అనే మాట మరిచిపోండి. ముందు ఊదుడు బుడ్డి, తర్వాత కుంచె. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ రెండింటితో దుమ్ము పోయాకే తడి. ఆల్కహాలూ డిస్టిల్డ్ నీళ్లూ సగం సగం కలిపి, దూది ఉండను తడిపి పిండి, దాని బరువుతోనే ఒక అంచు నుంచి మరో అంచుకు లాగండి. ఒక లాగుడుకు ఒక ఉండ. వాడిన ఉండను మళ్లీ వాడితే దాంట్లో ఇరుక్కున్న ఇసుక రేణువు గాజు మీద గీత గీస్తుంది. చిన్న చిన్న గీతలు, అంచున పెచ్చు ఊడిన మచ్చ ఉంటే ఉండనివ్వండి. వాటివల్ల బొమ్మ చెడేది చాలా తక్కువ, వాటిని పోగొట్టబోయి చేసే నష్టమే ఎక్కువ.

అతికించిన జంటను ఎందులోనూ నానబెట్టొద్దు. ఆల్కహాలు అంచుల్లోంచి బంకలోకి దిగుతుంది. అతుకులో పసుపుపచ్చని ఆకులాంటి మరకో, నీటిబుడగలో కనిపిస్తే బంక విడుతున్నట్టు. ఊడదీసి మళ్లీ అతకడం ఇంట్లో చేసే పని కాదు. మధ్యలో గాలి ఉన్న జంట అయితే విడదీసేముందు రెండు లెన్సుల అంచుల మీద కలిపి పెన్సిలుతో ఒక కోణం గీత గీయండి. పాతవాళ్లు గీసినది అప్పటికే ఉండొచ్చు. అంచు దగ్గర మూడు చోట్ల గోరంత రేకు ముక్కలు ఉంటే జాగ్రత్త. అవి చెత్త కాదు, లెన్సుల మధ్య ఎడం సరిగా ఉంచేవి అవే.

సాలెగూడులాంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా మన వైపు పట్టే ముసురు దీనికి పుట్టిల్లు. లెన్స్‌ను ఇత్తడి బిళ్ల నుంచి పూర్తిగా బయటికి తీసి, మందుల అంగట్లో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తడిపిన దూదిని అయిదు నిమిషాలు ఆనించి ఉంచి, తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో తుడవండి. బూజు పోయినా దాని అచ్చు గాజు మీద మిగిలితే అంతే, గాజు తినేసింది. నిమ్మరసం, వెనిగర్ దగ్గరికి రానివ్వొద్దు. సీసం కలిసిన ఫ్లింట్ గాజుకు పులుపు పడదు, మచ్చ మిగులుతుంది.

బిళ్లలో తిరిగి పెట్టాక బిగింపు రింగు వేళ్లతో తగిలేదాకా తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి వదలండి. చెవి దగ్గర ఊపితే లెన్స్ లీలగా కదిలినట్టు వినపడాలి. గట్టిగా బిగిస్తే గాజు మీద ఒత్తిడి పడి చూపు చెడుతుంది.

ఇత్తడి, తోలు

అద్దాలు తుడిచే నీలం స్ప్రేలలో కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది. దాన్ని ఇత్తడికి తగలనివ్వకండి. కారణం మన దేశంలోనే బయటపడింది. బ్రిటిష్ ఇండియా సైన్యం గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే చీలేవి. గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే దానికి కారణమని 1921లో తేల్చారు. సాగదీసి చేసిన ఇత్తడిలో లోపలి బిగువు మిగిలి ఉంటుంది, అమ్మోనియా తగిలితే అక్కడ పగులుతుంది. దుర్భిణి గొట్టం కూడా సాగదీసి చేసిందే.

పూత మిగిలున్న చోట ఆల్కహాలు కూడా వద్దు, లక్క దాంట్లో కరుగుతుంది. లెన్సుకు పనికొచ్చింది గొట్టానికి పనికిరాదన్నమాట. బయటి భాగానికి పొడి గుడ్డ, జిడ్డు ఉంటే తడిపి గట్టిగా పిండిన గుడ్డ, వెంటనే మరో పొడి గుడ్డ. అంతే. పచ్చ చిలుము చుక్కలను చెక్క పళ్లపుల్లతో గీకి తీయండి. జారుడు గొట్టంలో గడ్డకట్టిన పాత నూనెను కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మళ్లీ నూనె వేయాలనిపిస్తుంది, వేయకండి. కొబ్బరి నూనె అసలే వద్దు. ఎండకు కరిగి పాకి లెన్స్ మీదికి ఎక్కుతుంది, దుమ్మును పట్టి గరుకు ముద్ద చేస్తుంది. మైక్రోక్రిస్టలిన్ మైనం గింజంత తీసుకొని రుద్ది తుడిచేస్తే చాలు. గొట్టం లోపలి నల్లపూత మెరవకుండా ఉండటానికే వేశారు, దాన్ని తోమొద్దు.

సొట్ట ఉంటే కంచరి దగ్గరికి తీసుకుపోవడం మన అలవాటు. బిందె సొట్ట తీసినట్టు కాల్చి కొడితే గొట్టం మెత్తబడి పూత మాడుతుంది. వడ్రంగి చేత గొట్టం లోపలి కొలతకు అర మిల్లీమీటరు తక్కువగా గట్టి కర్ర గుండ్రంగా చెక్కించి, లోపలికి దూర్చి, బయట నుంచి సొట్ట అంచులను మరో నున్నని కర్రతో నెమ్మదిగా రుద్దండి. ముప్పాతిక పోయి గొట్టం జారితే అక్కడితో ఆపేయండి.

తోలుకు బూట్ల పాలిష్ పూయొద్దు. ఎర్రటి పొడిగా రాలుతుంటే లోపలే చివికిపోయినట్టు. నూనె పెడితే నల్లబడి ఇంకా చెడుతుంది, ముట్టుకోకుండా పల్చటి గుడ్డ చుట్టి ఉంచడమే మేలు.

బిగించాక

ఎండ పొడ ఎక్కకముందు, పొద్దున్నే చూడండి. పది దాటితే తిరుపతి వీధుల మీద గాలి ఉడికినట్టు కదులుతుంది, మంచి దుర్భిణి కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. ఊళ్లో మిద్దె మీద నుంచి కొండమీది గాలిగోపురం మంచి గురి. దుర్భిణిని పిట్టగోడ మీద దిండు పెట్టి ఆనించండి. గోపురం అంచు ఆకాశానికి ఆనుకున్న చోట రంగు ఎంత కడుతుందో చూడండి. చిత్తూరు వైపయితే ఏ కొండ మీది సెల్ టవరైనా ఆ పనికొస్తుంది.

అంతా మసకగా, పాలు కలిపినట్టుంటే లోపలి చిన్న లెన్సుల మీద పొగలాంటి పొర మిగిలింది. మధ్యలో బాగుండి అంచులు వంకరపోతే ఏదో లెన్స్ తిరగబడింది. ఇదివరకు లేని రంగు ఇప్పుడు కడితే ముందు జంట తిరగబడింది; ఇంగ్లిషు దుర్భిణుల్లో మామూలుగా రెండు వైపులా ఉబ్బిన క్రౌన్ గాజు బయటికి ఉంటుంది. బొమ్మ తలకిందులైతే లోపలి చిన్న గొట్టం లేదన్నమాట. రాత్రి ఒక నక్షత్రాన్ని చూడండి: చుక్కలా నిలవాలి. మూడు మూలలుగా కనిపిస్తే బిగింపు రింగు ఎక్కువ బిగిసింది, ఒక వైపే తోక వస్తే లెన్స్ బిళ్లలో వాలిపోయింది. గొట్టం తనంతట జారిపోతుంటే కాలర్ లోపలి చీల్చిన రేకులు వదులయ్యాయి. వాటిని ఒక్కొక్కటీ గోరుతో లోపలికి కాస్త వంచితే పట్టు వస్తుంది.

సూర్యుణ్ణి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. క్షణం చాలు, కంటిచూపు పోతుంది.

పులికాట్ ఒడ్డుకు తీసుకెళ్తే ఒక లెక్క గుర్తుంచుకోండి. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, నీరూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే దిగంతం ఎంత దూరమో కిలోమీటర్లలో వస్తుంది. ఇసుకలో నిలబడ్డ మనిషికి నాలుగున్నర. తొమ్మిది మీటర్ల ఎత్తు డెక్కు మీదివాడికి దాదాపు పదకొండు, ఎదుటి ఓడ కొయ్య పాతిక మీటర్లయితే దాని కొన ఇరవై ఎనిమిదికే కనిపించడం మొదలవుతుంది. కొయ్యపైన కాపలావాణ్ణి ఎందుకు ఎక్కించేవారో దీంతో అర్థమవుతుంది.

దాచడం, పంపడం

తోలు సంచిలో పెట్టి మరిచిపోవద్దు, తేమ పట్టి ఉంచేది అదే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, 100 గ్రాముల సిలికా జెల్, పక్కన ఒక చిన్న తేమ కొలిచే మీటరు. 40, 50 శాతం మధ్య ఉంటే గాజుకూ తోలుకూ మంచిది. పురుగు పట్టకుండా కర్పూరం బిళ్లలు వేయడం మనకు అలవాటు. కర్పూరం ఆవిరై మళ్లీ లెన్సు మీద పొరలా పేరుకుంటుంది, నాఫ్తలీన్ ఉండలదీ అదే గుణం. ఎండలో నిలబెట్టిన కారులో వదిలితే బంక కరిగే వేడి వస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును సొంతంగా దేశం దాటించడం నేరం. వందేళ్లు నిండలేదనుకుంటే, పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి పత్రం తీసుకున్నాకే పంపండి.

ఆయుధపూజ రోజు దీన్నీ పీటమీద పెట్టి పసుపు, కుంకుమ, గంధం అద్దుతారు. పెట్టండి, కానీ బొట్టును దుర్భిణి దాచే డబ్బా మూతకు పెట్టండి. తడి పసుపు లక్క పూత మీద ఆరితే ఆ మరక ఇక పోదు.